పదహారు జతల అరిచేతులు

“పదహారు ఫైళ్ళు ఆపేశావు. అరిచేతుల్లో విపరీతమైన చెమట అని డాక్టరు స్పష్టంగానే రాశాడు కదా! దానికో కోడ్ ఉంది. వేసెయ్యి, అయిపోతుంది,” అంది ఎస్టెర్ మేడమ్.

హిరయా కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసింది. ఫిలిప్పీన్స్‌లో, సెబూ నగరంలోని ఆ ఆఫీసులో బీమా బిల్లుల కోసం అమెరికా రోగుల జబ్బులకు కోడ్లు వేస్తారు. ఆమె చేరి ఇవాళ్టికి ఆరు నెలలు. మేడమ్ సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఇంటికే.

“మోకాలి నొప్పికి వచ్చినాయనకూ చెమటే మేడమ్. చెవిలో గులిమికి వచ్చినావిడకూ చెమటే. ఇదిగో, నాలుగు నెలల పాప, టీకాకి వచ్చింది. దానికీ చెమటే!”

“పాపకి చేతులుండవా?”

పక్క బల్ల దగ్గర నొనొయ్ ఎండుచేపల డబ్బా మూత తీశాడు. పెద్దవాడు కాబట్టి ఆఫీసులో అందరూ అతన్ని కుయా, అంటే అన్నయ్యా, అని పిలుస్తారు. “మా అమ్మమ్మైతే పస్మా అని తేల్చేసేది. ఇస్త్రీ చేసిన వేడి చేతులు చన్నీళ్ళలో పెడితే వస్తుందట.”

“నాలుగు నెలల పాప ఇస్త్రీ చేసిందా కుయా?”

“ఏమో, అమెరికా పిల్లలు. పనిమంతులు!”

మేడమ్ నవ్వలేదు. “అనుమానాలు మన పని కాదు. డాక్టరు రాసిందే జబ్బు. ఆ డాక్టరుండే ఊరి నీళ్ళలోనే ఏదో ఉండుంటుంది.”

“నిన్న డాక్టరుకి ఒక ప్రశ్న పంపాను మేడమ్. జవాబు రానివ్వండి.”

“ఏమని?”

“చెమట ఎలా కనిపెట్టారు అని.”

నొనొయ్‌కి పొలమారింది. మేడమ్ నుదురు కొట్టుకుంది. “ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నాయన్ని అలాగేనా అడగడం? పన్నెండింటిలోగా జవాబు రాకపోతే పదహారూ నీ తప్పులే. సంతకం సంగతి మర్చిపో.”

పన్నెండుకు రెండు నిమిషాలుండగా జవాబు వచ్చింది. మేడమ్ పైకి చదివింది.

“ఇన్నేళ్ళలో నన్నెవరూ ఇలాంటి ప్రశ్న అడగలేదు. చెమట కనిపెట్టడానికి పరీక్షలెందుకు? చేయి కలపగానే తెలిసిపోతుంది.”

“విన్నావా?” అంటూ మేడమ్ హిరయా ఉద్యోగం ఖాయం చేసే కాగితం ముందుకు లాక్కుంది. ‘వద్దు’ అన్న గడి మీద కలం పెట్టింది.

“ఆగండి మేడమ్, కింద ఇంకో వాక్యం ఉంది,” అన్నాడు నొనొయ్. వంగి చదివాడు.

“ఈ వారం నేను చేయి కలిపిన ప్రతివారికీ ఇదే జబ్బు.”