పచ్చచుక్క కింద

తెర మీద ఎర్రచుక్క కనిపిస్తే చంద్రమోహన్‌కు టిఫిన్ కూడా దిగదు.

భూపాలపల్లిలో అదొక ప్రైవేటు దవాఖాన. రెండో అంతస్తులో అంబులెన్స్ కంట్రోల్ రూం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... మూడు జిల్లాల్లో ఎవరు ఆపదలో ఫోన్ చేసినా ఇక్కడే మోగాలి. దానికి చంద్రమోహన్ మేనేజర్. వచ్చి నలభై రోజులైంది.

గోడ మీది తెరలో మూడు చుక్కలుంటాయి. పైది వర్చువల్ ఐపీ, అంటే ఫోన్లన్నీ వచ్చి చేరే ఉమ్మడి చిరునామా. కింది రెండూ పని చేసే అసలు సర్వర్లు.

పైది ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. కింది రెండింట్లో ఏదో ఒకటి వారానికోసారైనా ఎర్రబడి, కాసేపటికి తేరుకుంటుంది.

ఆ రోజు హైదరాబాద్ నుంచి డైరెక్టర్ ఊర్మిళ మేడం వస్తున్నారు.

"కింది చుక్కలు రెండూ తీసెయ్," అన్నాడు, ఫోన్లెత్తే స్వప్నతో.

"తీసేస్తే ఏది చెడిపోయిందో ఎట్ల ఎరుకైతది సార్?"

"పైది పచ్చగుంటే సాలు."

"సార్, తియ్యకుండ్రి."

సర్వర్ గది తలుపు దగ్గర హీర్యా. దగ్గరి తండా మనిషి, కాంట్రాక్టు ఏసీ మెకానిక్. పొద్దస్తమానం ఆ చల్లని గదిలోనే ఉంటాడు. అది ఎండాకాలం పుట్టించిన ఉద్యోగభక్తి అని చంద్రమోహన్ నమ్మకం.

"గవి నాకు కనవడాలె సార్."

"నీకు కనవడాల్సింది పద్దెనిమిది డిగ్రీలు. పో."

స్వప్న తీసేసింది. తెర మీద ఒక్క పచ్చచుక్క మిగిలింది.

పదకొండుకు మేడం వచ్చారు. చంద్రమోహన్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంట్లో ఇద్దరు కోడళ్లనుకోండి మేడం. హాల్లోంచి టీ అని కేకేస్తే ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్లు తెస్తారు. ఒకరు మంచాన పడితే రెండోవారు అందుకుంటారు. అంతా ఆటోమేటిక్. నాలుగేళ్లలో ఒక్క పిలుపు కూడా పోలేదు."

"అదృష్టవంతులు. మా ఇంట్లో ఇద్దరున్నా టీ నేనే పెట్టుకుంటా," అన్నారు మేడం.

అందరూ నవ్వారు.

"మేడం," అన్నాడు హీర్యా. "ఒక్కోపారి కోడలు లోపటి నుంచి ఆఁ అంటది. టీ మాత్రం రాదు. అప్పుడు గూడ ఈ చుక్క పచ్చగనే ఉంటది."

నవ్వులు ఆగాయి.

"ఈయనెవరు?"

"ఏసీ మెకానిక్ మేడం."

"ఓహో. మా ఇంటికీ ఒకణ్ణి పంపండి. ఏసీతోపాటు కోడళ్లనూ చూస్తాడు."

ఈసారి నవ్వు ఇంకాస్త పెద్దది.

మేడం కారెక్కగానే చంద్రమోహన్ పైకి వచ్చి, హీర్యా మెడలోని కార్డు తన చేత్తోనే తీశాడు.

"మేడం ముందట ఇజ్జత్ తీస్తవా? రేపటి సంది రాకు."

"నేను రాకుంటే ఫోన్లు..."

"ఫోన్లు ఏసీతోని మోగుతయా?"

హీర్యా ఒకసారి తెర వైపు చూసి, టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగాడు.

మర్నాడు పచ్చచుక్క నిగనిగలాడుతోంది.

పన్నెండు గంటలకు స్వప్న అంది: "సార్, పదింటి సంది ఒక్క ఫోన్ రాలే."

"మంచిదే గదా. మూడు జిల్లాల జనం సల్లగున్నరు."

అంతలో చంద్రమోహన్ సెల్ మోగింది. హీర్యా. కట్ చేశాడు. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాడు. మూడోసారికి నంబరు బ్లాక్ చేశాడు.

"చూసినవా స్వప్నా? ఒక్క పూటకే నౌకరి విలువ తెలిసొచ్చింది."

ఒంటిగంట దాటాక కింద ట్రాక్టర్ ఆగింది. స్వప్న కిటికీలోంచి చూసింది.

"సార్, హీర్యన్న. తండోళ్లను ఎంటేసుకొచ్చిండు."

"పంచాయితీకి వచ్చిండన్నమాట." చంద్రమోహన్ వాచ్‌మన్‌కు ఫోన్ చేశాడు. "గేటు తియ్యకు. ఓ పావుగంట ఎండల నిలవడనియ్."

కింద అరుపులు. ఆ వెనక ఏడుపులు.

"నాటకాలు," అన్నాడు.

స్వప్న వినలేదు. కిందికి పరిగెత్తింది. చాలాసేపటికి తిరిగి పైకి వచ్చింది.

"ట్రాక్టర్ల హీర్యన్న భార్య సార్, సుక్కక్క. చేన్ల పత్తికట్టె పీకుతుంటే పాము కరిచింది. పదకొండింటి సంది మన నంబరుకే చేసిన్రట. ఎవరూ ఎత్తలేదట."

"మనకు రాలేదే!"

ఇద్దరూ తెర వైపు చూశారు. పచ్చగానే ఉంది.

"డాక్టరేమన్నడు?"

"పది నిమిషాల ముందు లోపటికి తెచ్చినా బతుకుతుండె అన్నడు."

చంద్రమోహన్ గేటు మాట ఎత్తలేదు. స్వప్న కూడా ఎత్తలేదు.

సాయంత్రానికి హైదరాబాద్ నుంచి కల్యాణ్ వచ్చాడు. సర్వర్లు అమ్మిన కంపెనీ ఇంజనీరు. అరగంట సర్వర్ గదిలో కూర్చున్నాడు.

"ఒక సర్వర్ పొద్దున పదింటికి బిగుసుకుపోయింది సార్. ఉమ్మడి చిరునామా దాని దగ్గరే ఉండిపోయింది. పిలిస్తే పలుకుతోంది గానీ పని చెయ్యడం లేదు. అందుకే పచ్చ."

"రెండోది ఎందుకు అందుకోలేదు? ఆటోమేటిక్ కదా!"

కల్యాణ్ వింతగా చూశాడు.

"ఇక్కడ ఆటోమేటిక్ ఏనాడూ పెట్టలేదు సార్."

"అబద్ధం. నాలుగేళ్లలో చిరునామా ఒక సర్వర్ నుంచి రెండోదానికి మూడొందల పద్నాలుగు సార్లు మారిందని నేనే రిపోర్టు పంపిన."

కల్యాణ్ లాప్‌టాప్‌ను అతని వైపు తిప్పాడు.

మూడొందల పద్నాలుగు వరుసల్లోనూ, మార్చినవారు అన్నచోట, ఒకటే పేరు చేత్తో కొట్టి ఉంది: హీర్యా.