ఆదివారం లెక్కలు

"ఇరవై శాతం, మళ్ళీ ఇరవై శాతం... అంటే నలభై తగ్గిస్తారా బాబూ?"

చీరాల బస్టాండు ఎదురుగా ఉన్న బట్టల షాపులో ఆషాఢం సేల్ బోర్డు చూపించి అడిగింది అమీర్‌బీ.

సేల్స్‌మన్ నవ్వాడు.

"నలభై కాదమ్మా, ముప్పై ఆరే," అన్నారెవరో వెనకనుంచి.

అరవై ఏళ్ళుంటాయి ఆయనకి. ఇస్త్రీ చొక్కా. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు.

"వందలో మొదట ఇరవై తీస్తారు. ఎనభై మిగులుతుందా? రెండో ఇరవై శాతం ఆ ఎనభై మీదే. అంటే పదహారు. మొన్న నేనూ నలభై అనుకునే ఈ చొక్కా కొన్నాను."

అమీర్‌బీకి నవ్వొచ్చింది. ఆమె చీర కొనలేదు. లెక్క మాత్రం బుర్రకెక్కింది.

పొద్దుటినుంచీ ఓపెన్ స్కూల్ క్లాసులో సారు గొంతు చించుకున్నా ఎక్కని లెక్క అది.

"మీరు మాస్టారా అండీ?"

ఆయన తడబడ్డాడు. ఏదో చెప్పబోయాడు. ఈలోగా పర్చూరు బస్సు వచ్చేసింది.

అప్పట్నుంచి ఆమెకు ఆయన మాస్టారు.

అమీర్‌బీ ఊళ్ళో అంగన్‌వాడీ ఆయా. పదో తరగతి పాసైతే కార్యకర్తను చేస్తామన్నారు. అందుకే నలభై ఆరేళ్ళ వయసులో పుస్తకం పట్టింది.

భర్త పోయాక ఇంట్లో ఒక్కతే. పిల్లలు 'ఆయా' అంటారు, వాళ్ళ తల్లులూ 'ఆయా' అనే అంటారు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేక ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

ఆదివారం క్లాసు అయిపోయి బస్టాండుకి వచ్చేసరికి మాస్టారు బల్ల మీద కూర్చుని ఉండేవాడు.

"ఇవాళ ఏం చెప్పారమ్మా? మొదట్నుంచి చెప్పు."

పరీక్షిస్తున్నాడనుకుని, ఆమె జాగ్రత్తగా అంతా అప్పజెప్పేది.

ఆయన తలూపుతూ వినేవాడు. ఒక్కోసారి, "ఆ ముక్క ఇంకోసారి," అనేవాడు. ఆమె ఇంకోసారి చెప్పేది. చెప్పేకొద్దీ ఆమెకే బాగా అర్థమయ్యేది.

ఒక్కోసారి బస్సు వచ్చినా, "వెనకాల ఇంకోటి ఉందిలెండి," అని కూర్చుండిపోయేది.

ఇంటికి తొందరగా వెళ్ళి చేసేదేముంది?

సంక్రాంతి దాటాక బారువడ్డీ మొదలైంది.

"అసలుని వడ్డీ శాతంతో, కాలంతో గుణించి, వందతో భాగించాలి," అని సూత్రం చెప్పింది అమీర్‌బీ. "మరి ఏళ్ళు కాకుండా నెలలిస్తే ఎలా మాస్టారూ?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు.

"ఏళ్ళైనా నెలలైనా సూత్రం ఒకటేనమ్మా. ఆరు నెలలంటే కాలం దగ్గర ఆరు వేసెయ్."

మరుసటి వారం క్లాసులో పరీక్ష పెట్టారు. ఐదు వేలకి పన్నెండు శాతం చొప్పున ఆరు నెలల వడ్డీ ఎంత?

మూడు వేల ఆరు వందలు అని రాసింది.

సారు ఆమె పేపరు పైకెత్తి అందరికీ చూపించాడు. "ఆరు నెలలకి ఇంత వడ్డీనా! మీకంటే కాల్‌మనీ వాళ్ళే నయమమ్మా!"

తన పిల్లల వయసున్న వాళ్ళంతా పగలబడి నవ్వారు.

ఆ మంట బస్టాండు దాకా ఆరలేదు.

"తెలియకపోతే తెలియదని చెప్పొచ్చుగా మాస్టారూ! మీ మాట నమ్మి నవ్వులపాలయ్యాను. ఇన్నేళ్ళూ పిల్లలకేం పాఠాలు చెప్పారో ఏమో!"

ఆయన మొహం పాలిపోయింది.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు మెల్లగా.

ఆమె బస్సెక్కింది. కిటికీలోంచి కూడా ఆయన వైపు చూడలేదు.

పై ఆదివారం బల్ల ఖాళీగా ఉంది. ఆ తర్వాతి ఆదివారమూ అంతే.

ఆమె కావాలనే రెండు బస్సులు వదిలేసి ఎదురుచూసింది. ఆయన రాలేదు.

పెద్ద పరీక్షలో మళ్ళీ నెలల వడ్డీయే వచ్చింది. ఈసారి సూత్రం జోలికి పోలేదు. పన్నెండు శాతమంటే ఊళ్ళో అనే రూపాయి వడ్డీయేగా! నూటికి నెలకో రూపాయి చొప్పున వేళ్ళ మీద లెక్కేసి రాసింది.

పాసైంది.

ఆ సంగతి చెప్పుకుందామంటే ఆమెకు మాస్టారే గుర్తొచ్చాడు. మైసూర్‌పాక్ కొని బస్టాండుకొచ్చింది. బల్ల పక్కనే టీకొట్టు.

"బాబూ, ఆదివారాలు ఇక్కడ కూర్చునే మాస్టారు ఏరీ? ఈమధ్య కనిపించడం లేదు."

"మాస్టారెవరమ్మా?" టీకొట్టు కోటేష్ గ్లాసులు కడగడం ఆపాడు. "ఆదివారాలు నేను కొట్టు తెరవను గానీ... యలమందా? ఆయన మాస్టారేంటి! మరమగ్గాల షెడ్డులో వాచ్‌మన్. నా పక్క గదిలోనే ఒక్కడూ ఉండేవాడు. పరీక్షలకు ముందు ఖాళీ చేసి చీమకుర్తి వెళ్ళిపోయాడు, గ్రానైట్ ఫ్యాక్టరీలో కాపలాకి."

"ఏం పరీక్షలు?"

"పదో తరగతేనమ్మా. ఫీజు కూడా కట్టాడు. చిన్నపిల్లల మధ్య కూర్చోవాలంటే సిగ్గని క్లాసుకి వెళ్ళేవాడు కాదు. 'ప్రతి ఆదివారం ఒకావిడ నాకు ఓపిగ్గా చెబుతోందిరా, ఈసారి గట్టెక్కేస్తా'ననేవాడు."

అమీర్‌బీ మైసూర్‌పాక్ పొట్లం బల్ల మీద పెట్టేసింది.

కోటేష్ మళ్ళీ గ్లాసులు కడుగుతూ అన్నాడు.

"ఏమైందో ఏమో, 'మా టీచరమ్మకే విసుగొచ్చింది కోటేషూ, ఇంక నాకు లెక్కలు రావు' అని పరీక్ష రాయకుండానే వెళ్ళిపోయాడు."