సగం తవ్విన వీధి

"పని మొదలెట్టారా?" అని అడిగాడు కాంగ్రెస్ సభ్యుడి సహాయకుడు.

నేను బల్ల కింద మేయర్ లోర్నా కాలు తొక్కాను. చిన్న ఊళ్ల తరఫున వాషింగ్టన్‌లో నిధులు అడిగిపెట్టడం నా వృత్తి. కాళ్లు తొక్కడం అందులో భాగం.

ఆమె నా బూటును పక్కకు నెట్టింది.

"మొదలెట్టక? పిల్లలు తాగే నీళ్లలో సీసం కలుస్తోంది బాబూ! శనివారాలు ఊళ్లోవాళ్లమే పారలు పట్టి వీధి తవ్వుతున్నాం. సగం పాత సీసపు గొట్టాలు మార్చేశాం కూడా."

అతను కలానికి మూత పెట్టాడు.

"చాలా గొప్ప విషయం మేడమ్. కానీ మొదలుపెట్టేసిన పనికి ఫెడరల్ నిధులు రావు."

వరండాలోకి రాగానే విసుక్కున్నాను. "రైల్లో అంతసేపు చెప్పాను కదండీ, ఏమీ చేతకానట్టు కూర్చోమని!"

"మా పక్క ఊరు కాస్లిన్‌కి పోయినేడు ఎలా ఇచ్చారు? వాళ్లు పుల్ల తీసి పక్కన పెట్టరే!"

"అదే వాళ్ల బలం. వాళ్ల తరఫున వచ్చిందీ నేనే."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, ఊళ్లో తవ్వకం చూసుకునే మనిషికి ఫోన్ చేసింది. తెలివైన మనిషి, గొయ్యి పూడ్చేయమంటుందనుకున్నాను. వచ్చే ఏడు ఏమీ ఎరగనట్టు మళ్లీ రావచ్చు.

"వాల్ట్, మిగతా సగానికి ఎన్నాళ్లు పడుతుందిరా?... అయితే ఆదివారాలూ కలుపు. పాస్టరు గారికి నేను చెప్తాలే. ఆయన్నీ రమ్మంటా."

ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది. "మీరూ వస్తారా?"

ఇరవయ్యేళ్లుగా ఊళ్లకు చేతకానితనం నేర్పుతున్నవాణ్ని. నా మెత్తటి అరచేతులు వాటంతటవే కోటు జేబుల్లోకి వెళ్లిపోయాయి.