అత్తయ్యగారి పుట్టుమచ్చ

ఉగాది ఎల్లుండి. రంగు ఆరిందో లేదోనని తీగ మీద ఆరేసిన శుభాకాంక్షల కార్డు ఒకటి తీసి చూశాను. దాని మీది బొమ్మలో అత్తయ్యగారి ఎడమ బుగ్గ మీద ఉండాల్సిన పుట్టుమచ్చ కుడి బుగ్గ మీద ఉంది.

లినో అనే మెత్తటి పలక ముక్క మీద చెక్కి, రంగు పూసి అద్దితే, బొమ్మ కాగితం మీద కుడిఎడమలు మారి పడుతుంది. అందుకే ముందు తిప్పి గీసుకుని, తరవాత చెక్కాలి. తెలిసి కూడా తొందరలో ఫొటోలో ఉన్నది ఉన్నట్టే చెక్కేశాను.

ఆ ఫొటో కూడా, ఆవిడ నర్సరీలో మొక్కలకి నీళ్ళు పెడుతుంటే దొంగచాటుగా తీసిందే. ఫొటోలంటే ఆవిడకి ఒళ్ళుమంట. "ఎవత్తో అది, నేను కాదు" అని విసిరికొడతారు. చాదస్తం అనుకునేవాళ్ళం. బొమ్మైతే ఒప్పుకుంటారని నా ఆశ.

ముప్ఫై కార్డులూ అంతే. ఇంకో లినో ముక్క లేదు. మధ్యాహ్నానికల్లా కడియంలో కొరియర్‌కి ఇచ్చెయ్యాలి. కార్డులన్నీ తీశాను, మళ్ళీ తగిలించాను, మళ్ళీ తీశాను.

"ఏంటి హైమా, ఆ తిరగడం?"

అత్తయ్యగారు! దాచేలోపే చేతిలోంచి ఒకటి లాక్కున్నారు.

"తప్పు పడిందండీ. చింపేస్తాను."

ఆవిడ వినిపించుకోలేదు. గోడ మీది అద్దం దగ్గరికి వెళ్ళారు. ఓసారి అద్దంలోకి, ఓసారి కార్డుకేసి, చాలాసేపు చూసుకున్నారు.

"తప్పేంటమ్మా? డెబ్భై ఏళ్ళుగా బొట్టు పెట్టుకుంటూ రోజూ నేను చూసే మొహం ఇదే. ఆ ఫొటోల్లోదే ఎవత్తో."