శార్షెన్ మాస్టారి గొర్రె పాఠం

"మోకాళ్ళ మీదకు దిగండి మాస్టారూ. గొర్రెలా అరవండి," అంది గుడారం బడి నడిపే సల్కిన్.

శార్షెన్ మాస్టారి ముఖం కందగడ్డలా అయింది. గుడారం బడి తలుపు బార్లా తెరిచి ఉంది. బయట గుర్రాల పాలు పితికే ఆడవాళ్ళు బకెట్లు పక్కన పెట్టి మరీ చూస్తున్నారు.

"నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. నాకేమిటీ ఆట?"

"మీకు కాదు, మీ మనవడికి. మీరు వాడి ఎత్తుకు దిగితేనే వాడికి మాట పెగులుతుంది."

ఐదేళ్ళ అర్గెన్ మూలన కూర్చుని గొర్రె ఎముకలు పేర్చి ఆడుకుంటున్నాడు. ఏడాదిగా వాడి నోట్లోంచి ఒక్క మాట రాలేదు. చలికాలానికి మందలు కొండ దిగేలోగా మాట్లాడకపోతే పట్నంలో మూగపిల్లల హాస్టలే గతి. ఈ పచ్చికల్లో పసిపిల్లల సంగతి తెలిసింది సల్కిన్ ఒక్కతికే.

"ఒక్క మాట అనరా మొద్దూ! నాకీ అవస్థ తప్పుతుంది," అని ఎప్పటిలాగే గద్దించారు మాస్టారు.

వాడు తల ఎత్తలేదు. మాస్టారు గొంతు తగ్గించి, "పగ తీర్చుకుంటున్నావా సల్కిన్?" అన్నారు.

"చిన్నప్పుడు మీ బళ్ళో మొద్దురాయీ అని నన్ను పొయ్యి పక్కన మోకాళ్ళ మీద నిలబెట్టింది గుర్తుందన్నమాట!" సల్కిన్ నవ్వలేదు. "దిగండి."

ఆయన తెల్లటి ఉన్ని టోపీ తీశారు. ఆ కల్పక్ నేల మీద పెడితే పరువు నేల మీద పెట్టినట్టే. గుడారం గోడ కర్రకు తగిలించి, దిగారు.

"బే..."

"కొండమీది మందకు వినపడాలి."

"బేఏఏ!"

ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. "మాస్టారి ఉన్ని ఎప్పుడు కత్తిరిస్తావే సల్కిన్?" అని ఒకావిడ కేకేసింది. పిల్లలంతా ఆయన వీపెక్కారు. అర్గెన్ మాత్రం పెదవి కదపకుండా తాతనే చూశాడు.

అలా పంతొమ్మిది రోజులు. పక్క లోయవాళ్ళు కూడా గుర్రాలెక్కి వచ్చి చూసిపోయారు. మాస్టారి ప్యాంటు మోకాళ్ళ దగ్గర చిరిగింది.

ఇరవయ్యో రోజు ఆయన గోడ పట్టుకుని లేచారు. కళ్ళలో నీళ్ళు.

"తప్పయిందమ్మా. అప్పుడు నిన్ను నిలబెట్టడం తప్పే. నా మీద కోపం వాడి మీద చూపకు."

సల్కిన్ ముఖం తిప్పుకుంది. "ఇంటికి వెళ్ళండి మాస్టారూ. వాణ్ణి నేనే తీసుకొస్తాను."

గుర్రం దాకా వెళ్ళాక బోడితలకు చల్లగాలి తగిలింది. కల్పక్ లోపలే మరిచిపోయారు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. వెనక్కి వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయారు.

లోపల సల్కిన్ గుసగుసలాడుతోంది. "ఇక చాలురా అర్గెన్. ఆయన తప్పయిందన్నారు. ఇవాళ తాతతో మాట్లాడు."

తాత కల్పక్‌ను ముక్కుదాకా దించుకున్న అర్గెన్, గంట కొట్టినట్టు అన్నాడు:

"నీతో అన్నాడు అక్కయ్యా. నాతో ఇంకా అనలేదుగా!"