పోతులయ్య పుస్తకం

“ఆ పుస్తకం చదవకుండానే ధర్మవరం మగ్గాల మీద ప్రాజెక్టు రాస్తావా? ఏం ధైర్యమమ్మా నీది!”

సాయిసుధ రాసుకొచ్చిన కాగితాలను వేణుమాధవ్ సారు బల్ల మీదికి విసిరేశాడు. క్లాసంతా చూస్తోంది.

“ఏ పుస్తకం సార్?”

“పోతులయ్య రాసిన ‘ధర్మవరం గుంట మగ్గాలు’. తొంభై ఎనిమిదిలో వచ్చింది. నా పీహెచ్‌డీకి ప్రాణం అది. మూడుసార్లు చదివాను. మన లైబ్రరీలోనే ఎక్కడో ఉంటుంది. అయినా ఫోను గీకే వేళ్లకు పేజీలు తిప్పడం ఎక్కడొస్తుంది?”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

“శుక్రవారం లోపల ఆ పుస్తకం తెచ్చి నాకు చూపించు. లేదంటే నీ ప్రాజెక్టు మీద నా సంతకం పడదు.”

సంతకం పడకపోతే ఎంఏ పూర్తి కాదు. సాయిసుధ కాగితాలు ఏరుకుని నేరుగా లైబ్రరీకి వెళ్లింది. రెండేళ్లుగా రోజూ పెనుకొండ నుంచి హిందూపురం బస్సెక్కి కాలేజీకి వస్తున్నా, ఆ గది గడప తొక్కడం అదే మొదటిసారి.

లైబ్రేరియన్ ఎస్తేరమ్మ కళ్లద్దాల పైనుంచి చూసింది. “దోవ తప్పి వచ్చినావా? క్యాంటీను ఆ పక్కనుండాది.”

“పుస్తకం కావల్ల మేడమ్.”

“యాడుంటాదో తెలుసా?”

“తెలీదు.”

“అట్ల చెప్పు. తెలీదనేటోళ్లకు నేర్పియ్యొచ్చు. అన్నీ తెలుసనేటోళ్లతోనే నాకు తంటా.”

ఎస్తేరమ్మ తిడుతూనే నేర్పింది. కార్డుల పెట్టెలో రచయిత పేరుతో ఎలా వెతకాలో, పుస్తకం వీపు మీది నంబరుకు అర్థమేమిటో, కాలేజీకి వచ్చిన ప్రతి పుస్తకం రాసిపెట్టే పాత రిజిస్టరు ఎక్కడుందో చూపించింది. సాయిసుధ రెండు రోజులు దుమ్ములో కూర్చుంది. కార్డుల్లో పోతులయ్య లేడు. బీరువాల్లో లేడు. రిజిస్టరులోనూ లేడు.

“ఆ పుస్తకం గురించి వేరేవాళ్లు ఏం రాసినారో చూడు. ఆ మూల బీరువాలో థీసిస్‌లు ఉండాయి. ఎనక పేజీల్లో, ఏ పుస్తకాలు చూసి రాసినారో పట్టీ ఉంటాది” అంది ఎస్తేరమ్మ.

అక్కడ మాత్రం పోతులయ్య దండిగా ఉన్నాడు. ఆరు థీసిస్‌లలో ఆ పుస్తకం పేరుంది. ఒకాయన తొంభై ఆరో పేజీలోంచి మాటలు ఎత్తి రాశాడు. ఇంకొకాయన రెండు వందల పన్నెండో పేజీలోంచి రాశాడు. మూడో ఆయన ఆ పుస్తకం మొత్తం నూట నలభై పేజీలేనని రాశాడు. వేణుమాధవ్ సారు ఎనిమిదేళ్ల కింద రాసిన థీసిస్‌లో పోతులయ్య పేరు పద్నాలుగు చోట్ల కనిపించింది.

“నూట నలభై పేజీల పుస్తకంలో రెండు వందల పన్నెండో పేజీ యాడిది మేడమ్?”

ఎస్తేరమ్మ మూతి విరిచింది. “డాక్టర్లు గదమ్మా, వాళ్లకు కనపడింటాది. పుస్తకం దొరక్కపోతే రాసినాయప్పనే పట్టుకో. ధర్మవరం ఎంత దూరం?”

మరునాడు సాయిసుధ ధర్మవరంలో దిగింది. మగ్గాల చప్పుడు వినపడిన ప్రతి వీధిలోకీ వెళ్లి పోతులయ్య గురించి అడిగింది. ఐదో వీధిలో ఒక సన్నటి ముసలాయన గుంట మగ్గం మీదినుంచి తలెత్తాడు.

“నేనే పోతులయ్య. ఏం పని పాపా?”

“తాతా, ‘ధర్మవరం గుంట మగ్గాలు’ పుస్తకం రాసింది మీరే కదా?”

ఆయన పోగును అటూ ఇటూ విసిరే నాడె పక్కన పెట్టి నవ్వాడు. “పుస్తకమా? నాకు సంతకమే రాదు. ఏలిముద్ర ఏస్తా.”

“మరి మీ పేరుతో…”

“శానా ఏండ్ల కింద ఒగాయప్ప వచ్చినాడు. మూడు దినాలు ఈడనే కూర్చోని అన్నీ అడిగి రాసుకున్నాడు. పుస్తకం ఏస్తాం, నీ పేరే పెడ్తాం అన్నాడు. పోయినోడు మళ్లీ రాలే. పుస్తకం అచ్చే కాలేదంట.”

సాయిసుధ మగ్గం పక్కన నేల మీదే కూలబడింది. ఆమె మొహం చూసి పోతులయ్యకు జాలేసింది.

“రాసినోళ్ల దగ్గర ఏముంటాది పాపా? నేసినోడు ఈడున్నాడు. ఏం కావల్లో అడుగు.”

ఆమె నోటుబుక్కు తెరిచింది. పడుగు ఎలా కడతారో, ఒక్కో చీరకు ఎన్ని రోజులు పడుతుందో, ఏ పండుగకు ఏ రంగు అడుగుతారో, ఎన్ని మగ్గాలు మూలన పడ్డాయో, నేసేవాళ్లు ఏయే పనులకు వెళ్లిపోయారో ఆయన చెబుతూనే ఉన్నాడు. సాయంత్రానికి నలభై పేజీలు నిండాయి.

శుక్రవారం క్లాసు నిండుగా ఉంది.

“దొరికిందా?” అన్నాడు వేణుమాధవ్.

“పుస్తకం దొరకలేదు సార్.”

“నాకు ముందే తెలుసు!” ఆయన క్లాసు వైపు తిరిగాడు. “చూశారా? కళ్ల ముందున్న పుస్తకం వెతుక్కోవడం చేతకాదు గానీ రీసెర్చ్ చేస్తారట! గొర్రెలు కాసుకోక ఎందుకమ్మా మీకు ఈ చదువులు?”

“పోతులయ్య దొరికినాడు సార్.”

వేణుమాధవ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ధర్మవరంలో… పోతులయ్యలు వంద మంది ఉంటారు.”

“ఉంటారు సార్. కానీ నేను మీ పేరు చెప్తే ఈ తాత మిమ్మల్నే అడిగినాడు. ‘తొమ్మిదేండ్ల కింద నీ మాదిరే నా పుస్తకం కోసం వచ్చి, నాకు చదువే రాదంటే తల పట్టుకోని పోయినాడే, మీ వేణుమాధవ్ సారు… పాపం, ఆయప్పకు ఆ పుస్తకం దొరికిందా?’ అని.”