ముల్లు లేని గాలం

పిల్ల ఏడవలేదు. ఆ నిశ్శబ్దానికే దేవి ఉలిక్కిపడింది.

చేతిలో దారం వదిలేసి వెనక్కి తిరిగింది.

అరుగు మీద ఎవరో ముసలాయన. పిల్ల యమున పిడికిలి పట్టుకుని ఒక్కో వేలే మెల్లగా తెరుస్తున్నాడు.

పిడికిలి లోపల, దేవి పొద్దున్న బొచ్చుతో కట్టిన బొమ్మ చేప. దాని పొట్ట కింద గాలం.

"గుచ్చుకోనేదులే తల్లీ," అన్నాడాయన. "దొందులు కడతన్నారని ఇన్నాను. సూద్దామని వచ్చాను. ఈలోగా పాప సెయ్యెట్టీసింది."

దేవి పిల్లను ఒళ్లోకి లాక్కుంది. చెయ్యి తిప్పి తిప్పి చూసింది. భయం తీరక కాళ్లూ చూసింది, చెవులూ చూసింది.

గాలానికి ఎరగా దేవి కట్టే బొమ్మకి అసలు, నీటి అడుగున రాళ్ల సందుల్లో దాక్కునే పెద్ద తల చేప. మన ఇసుకదొందుకి దగ్గర చుట్టం. చలిదేశాల్లో ట్రౌట్, పైక్ అనే పెద్ద చేపలకి అదంటే ప్రాణమట. మేక బొచ్చును గాలానికి దట్టంగా చుట్టి, కత్తెరతో తలలా కత్తిరించి, గిన్నికోడి ఈకలతో రెక్కలు కడితే అచ్చం అదే.

శ్రీకాకుళం నుంచి వచ్చే గాలాల కంపెనీ ఏజెంటు త్రినాథ్ ఈ పని నేర్పాడు. "రెండు పేటల్లో సాంపిల్ కట్టిస్తన్నాను. కంపెనీవోళ్లకి ఏది నచ్చితే ఆ పేటకే పని," అని కూడా చెప్పాడు.

పని వస్తే భర్త లక్ష్ముడు గుజరాత్‌లోని వేరావల్ బోట్లకి పోనక్కర్లేదు. రాకపోతే రైలెక్కడమే. పోయినసారి అతను వెళ్లేనాటికి దేవి కడుపుతో ఉంది. తిరిగొచ్చేసరికి పిల్లకి పాకడం వచ్చేసింది. తండ్రిని చూసి జడుసుకుంది.

ముసలాయన మొలలోంచి చిన్న పట్టకారు తీశాడు. బొచ్చు చేపను తిరగేసి, గాలం మొన దగ్గర నొక్కాడు.

టిక్కుమంది. మొన వెనకాల ఉండే ముల్లు అణిగిపోయింది.

పళ్లెంలో మిగిలినవీ ఒక్కొక్కటే తీశాడు. మళ్లీ టిక్కు.

"తాతా, ఏటి సేస్తన్నావు?"

"ముల్లు నొక్కీసినాను. సంటిపిల్లున్న ఇల్లు గదమ్మా. ముల్లు దిగితే కోసి తియ్యాల. ముల్లు నేకపోతే జారొచ్చెస్తాది."

"జారిపోతే మరి సేపెలా ఆగుతాది?"

"ఆగక్కర్నేదు తల్లీ. ఆలకి..."

అంతలో వంటింట్లోంచి అత్త జగ్గమ్మ వచ్చింది.

"ఏటి బాబూ, నువ్వెప్పుడూ ఏట పోనేదా? గాలానికి ముల్లు తీసీడమేటి, కుక్కకి పళ్లు పీకినట్టు?"

"అది కాదప్పా, కొనేవోలు..."

"మా కోడలు కళ్లు పొడుసుకుని కట్టింది. లెగు. లెగు ముందు."

ఆయన లేచాడు. చేతిలో ఉన్నదాన్ని మరోసారి పరీక్షగా చూసి పళ్లెంలో పెట్టాడు.

"తల సక్కగా కుదిరింది తల్లీ," అన్నాడు.

మంచినీళ్లైనా తాగకుండా వెళ్లిపోయాడు.

దేవి సూదితో ముల్లు పైకి లేపబోయింది. అది పుటుక్కున విరిగింది. వేరే గాలాలు లేవు. మధ్యాహ్నం త్రినాథ్ వచ్చి, చూడనైనా చూడకుండా డబ్బాలో వేసుకుని బండెక్కాడు. చెబుదామనుకుంది. అప్పటికే బండి కదిలింది.

"ముల్లు నేని గాలం పంపినావా?" అని లక్ష్ముడు నవ్వాడు. నవ్వుతూనే సంచీ సర్దుకున్నాడు.

రైలు రోజు పొద్దున్నే ఫోను మోగింది.

"సెల్లెమ్మా, పని మీదే," అన్నాడు త్రినాథ్. "రెండింట్లోనూ నీ దొందు తలే బాగుందన్నారు. లక్ష్ముడిని ఆపు."

దేవి లక్ష్ముడి సంచీ పట్టుకుని ఆపింది. జగ్గమ్మ ఫోను లాక్కుంది.

"ముల్లు నేకపోనా?"

"ముల్లుంటే పక్కన పడెద్దురు. అక్కడ కొనేవోలు సేపని పట్టి, ఫొటో తీసుకుని, నీళ్లల్లో వదిలెస్తారట. ముల్లుంటే దాని నోరు సిరిగిపోద్దంట. నొక్కాలని అవతల పేటలో సెప్పాను, మీకు సెప్పడం మరిసిపోనాను. మరి మీకెవలు సెప్పారు?"

"వదిలీడానికి పట్టడం ఏటికిరా?" అంది జగ్గమ్మ.

లక్ష్ముడు సంచీ విప్పి, మడత పెట్టిన లుంగీ బయటికి తీశాడు. యమున ఖాళీ సంచీలోకి దూరింది.

దేవి ఫోను అందుకుంది.

"ఎవలో ముసలాయన వచ్చి నొక్కీసినాడన్నా. కంపెనీ మనిషా?"

"కంపెనీ నుంచి ఎవలూ రానేదు. ఎలగుంటాడు?"

"పొడుగ్గా ఉంటాడు. మొలలో పట్టకారు. తరిమీసినాం అన్నా, నీళ్లైనా తాగనేదు." సంచీలోంచి యమునని ఎత్తుకుంది. "కనిపిస్తే ఇటు పంపు. ఇంత పని నానొక్కదాన్నీ సెయ్యలేను. అలాటోడు పక్కన కూకుని కడితే బాగుంటాది."



"గంగులు తాత," అన్నాడు త్రినాథ్. "తప్పకుండా అడుగుతాను సెల్లెమ్మా. నది మొగకి అవతల పేటలో ఆ రెండో సాంపిల్ కట్టింది ఆయనే."